తోడేలు నోట్లో పెట్టిన చేయి

ప్రియ మిత్రమా,

నీ ఉత్తరమూ, దానితో పాటు పంపిన నవల ప్రణాళికా అందాయి. నార్వే తీరంలోని ఒక చేపల రేవును కథాస్థలంగా తీసుకుని, అక్కడి మనుషుల బతుకుల వెనుక పాతకాలపు ఉత్తర ఐరోపా ప్రజలు కొలిచిన నార్స్ దేవతల కథలను నడిపించాలన్న నీ ఆలోచన నాకు ఎంతగానో నచ్చింది. అయితే దేవతల రాజు ఓడిన్, అతని కొడుకైన ఉరుముల దేవుడు థోర్, మాయలమారి లోకి ఈ కాలంలో మనుషులుగా మళ్ళీ పుట్టారని మొదటి అధ్యాయంలోనే చెప్పేయాలన్న నీ నిర్ణయం దగ్గర నేను ఆగిపోయాను. దాని గురించి నాలుగు మాటల్లో తేల్చడం నాకు చేతకాదు కనుక, ఉత్తరం పొడవైనా ఓపికగా చదువు.

ఆ కథలు మనదాకా ఎలా వచ్చాయో ఒకసారి గుర్తు చేసుకుందాం. ఐస్‌లాండ్ ప్రజలు క్రీస్తు శకం 1000 ప్రాంతంలో క్రైస్తవాన్ని స్వీకరించారు. ఆ తరువాత రెండు వందల ఏళ్ళకు పైగా గడిచాక, 1220 ప్రాంతంలో, స్నోర్రి స్టుర్లుసన్ అనే ఐస్‌లాండ్ నాయకుడు పాత దేవతల కథలను వచనంలో కూర్చి పెట్టాడు. ఆయన పూజారి కాడు, భక్తుడూ కాడు. కవి, ధనవంతుడు, దేశసభలో చట్టాన్ని ప్రకటించే పదవిని రెండుసార్లు నిర్వహించిన రాజకీయవేత్త. చివరికి ఆ రాజకీయాల కారణంగానే 1241లో రేక్‌హోల్ట్‌లోని తన ఇంట్లో హత్యకు గురయ్యాడు. పాత కథలు తెలియకపోతే యువకవులకు పూర్వకవుల పద్యాలు అర్థం కావనీ, ఆ కవితా సంప్రదాయమే అంతరించిపోతుందనీ ఆయన ఎడ్డా అనే ఆ పుస్తకం రాశాడు. క్రైస్తవులు ఈ దేవతలను నమ్మకూడదని చెబుతూనే, ఈ కథలను మరచిపోనూ కూడదని అందులో హెచ్చరించాడు. అంటే మనకు దొరికిన ప్రధానమైన ఆధారాన్ని ఒక రచయిత ఇతర రచయితల కోసమే సిద్ధం చేశాడన్నమాట. నువ్వు ఈ కథలను నవలలోకి తీసుకోవడానికి ఎవరి అనుమతీ అడగనక్కరలేదని నేను ధైర్యంగా చెప్పడానికి కారణం ఇదే.

రెండో ఆధారం కోడెక్స్ రెజియస్ అనే, పాత దేవతల కవితలున్న చర్మపత్ర గ్రంథం. పదమూడో శతాబ్దం రెండో సగంలో రాసిన ఈ చిన్న పుస్తకం 1643లో ఐస్‌లాండ్‌లోని ఒక బిషప్ చేతికి వచ్చింది, 1662లో డెన్మార్క్ రాజుకు కానుకగా వెళ్ళింది, 1971లో ఓడ మీద తిరిగి ఐస్‌లాండ్ రాజధాని రేక్యావిక్ చేరింది. ఇప్పుడు అందులో 45 పత్రాలు ఉన్నాయి. మధ్యలో ఎనిమిది పత్రాలు ఎప్పుడో పోయాయి. ఇటువంటి ఖాళీలు ఈ పురాణాలలో అడుగడుగునా కనిపిస్తాయి. ఉల్ అనే దేవుడి పేరు నార్వే, స్వీడన్ దేశాల ఊళ్ళ పేర్లలో ఎన్నో చోట్ల నిలిచి ఉన్నా, అతని గురించి చెప్పుకోవడానికి సరైన కథ ఒక్కటీ మిగలలేదు. నవలాకారుడికి ఇంతకంటే విలువైన స్థలం మరొకటి ఉంటుందా? అందరికీ తెలిసిన థోర్ సుత్తిని వదిలి, ఊరి పేరుగా మాత్రమే మిగిలిన దేవుడి దగ్గర నువ్వు మొదలుపెట్టవచ్చు.

ఇక నీ లోకి పాత్ర. అతణ్ణి ఓడిన్ పెంపుడు కొడుకుగా, థోర్‌కు తమ్ముడి వరసగా పెట్టుకున్నావు. అది ఇటీవలి బొమ్మల కథలూ, సినిమాలూ కల్పించిన బంధుత్వం. పాత కవితలో ఆ వరస వేరు: దేవతల విందులో నిలబడి లోకి, పూర్వం మనమిద్దరం రక్తం కలుపుకున్నాం, నాకు పోయకుండా నువ్వు తాగనన్నావు అని ఓడిన్‌కు గుర్తు చేస్తాడు. పెంచిన తండ్రి మీద అలిగిన కొడుకు కథ కన్నా, మాట ఇచ్చి నెత్తురు పంచుకున్న ఇద్దరు సమవయస్కులు శత్రువులయ్యే కథ ఎంతో బరువైనది. నీ ఓడ యజమానికీ, అతని పాత భాగస్వామికీ మధ్య ఉన్న తగవుకు అది అతికినట్టు సరిపోతుంది.

నేను అసలు చెప్పదలచుకున్నది ఫెన్రిర్ కథలో ఉంది. లోకి కొడుకైన ఆ తోడేలును దేవతలు తమ ఇంట్లోనే పెంచారు. దాని దగ్గరకు వెళ్ళి ఆహారం పెట్టే ధైర్యం టీర్ అనే దేవుడొక్కడికే ఉండేది. అది రోజురోజుకూ పెరుగుతూ ఉంటే, దానివల్ల తమకు కీడు తప్పదన్న జోస్యాలు గుర్తుకు వచ్చి దేవతలు భయపడ్డారు. బలపరీక్ష అని నమ్మించి రెండుసార్లు గొలుసులు వేశారు. రెండింటినీ అది తెంచుకుంది. అప్పుడు మరుగుజ్జుల చేత పట్టు దారంలా మెత్తని మూడో బంధం చేయించారు. పిల్లి అడుగుల చప్పుడు, ఆడదాని గడ్డం, కొండ వేళ్ళు, ఎలుగుబంటి నరాలు, చేప ఊపిరి, పక్షి ఉమ్మి కలిపి దానిని తయారు చేశారు. తోడేలుకు అనుమానం వచ్చింది. ఇది మోసం కాదని చెప్పడానికి మీలో ఒకరు నా నోట్లో చేయి పెట్టి పూచీ ఉండండి అని అడిగింది. దేవతలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. చివరికి టీర్ తన కుడిచేయి పెట్టాడు. తోడేలు ఎంత పెనుగులాడితే బంధం అంత బిగుసుకుంది, అప్పుడు దేవతలందరూ నవ్వారు, టీర్ తప్ప. అతని చేయి పోయింది. ఆ చేయి గురించి అక్కడ స్నోర్రి ఇంతకు మించి ఒక్క మాట కూడా చెప్పడు.

ఈ కథను చదివిన ప్రతిసారీ నన్ను వెంటాడేది ఆ నవ్వే. పెంచినవాడే పూచీ ఉన్నాడు. పూచీ అబద్ధమని అతనికి ముందే తెలుసు. తోడేలు నమ్మినదీ అతణ్ణే. మిగిలిన వాళ్ళకు భద్రత దొరికింది, చెల్లింపు మాత్రం ఒక్కడి మీద పడింది. మరి తోడేలును చంపలేదెందుకని అదే పుస్తకంలో ఒక శ్రోత అడిగితే, తమ పవిత్ర స్థలాన్ని దాని నెత్తుటితో అపవిత్రం చేయడం దేవతలకు ఇష్టం లేకపోయిందని జవాబు వస్తుంది. మాట తప్పడానికి అడ్డురాని పవిత్రత నెత్తుటి మరక దగ్గర గుర్తుకు వచ్చిందంటే, ఈనాటి ఏ సంస్థను గురించైనా నవల రాయడానికి అంతకన్నా పదునైన ఆధారం నాకు కనబడటం లేదు. ఈ దేవతలు మాట తప్పడం ఇదొక్కసారే కాదు. తమ కోటకు గోడ కట్టిన శిల్పితో ప్రమాణాలు చేసి, అతడు రాక్షసుడని తెలియగానే థోర్ చేత చంపించారు. ఫ్రెయ్ అనే దేవుడైతే తాను ప్రేమించిన యువతి కోసం రాయబారానికి వెళ్ళిన సేవకుడికి తన కత్తినే ఇచ్చేశాడు. చివరి యుద్ధంలో అగ్నిరాక్షసుడు సుర్త్ ఎదుట అతనికి ఆ కత్తి ఉండదు. రాగ్నరోక్ అనే ఆ లోకాంత యుద్ధం బయటినుంచి వచ్చిపడిన ఉత్పాతం కాదు, ఇటువంటి పాత బాకీలన్నీ ఒక్కరోజున వసూలు కావడమని నేను అర్థం చేసుకున్నాను.

కనుక నీ నవలలో ఎవరూ దేవుడి అవతారం కానక్కరలేదు. నీ ప్రణాళికలో చేపల కర్మాగారపు ఫోర్‌మన్ ఒకడున్నాడు; అందరూ భయపడే ఆ కుర్రవాడికి పని నేర్పినవాడు అతడే. యాజమాన్యం ఆ కుర్రవాడి చేత ఒక కాగితం మీద సంతకం చేయించుకోవాలనుకున్నప్పుడు అతడు ఈ ఫోర్‌మన్ ముఖం చూసి సంతకం చేయనీ. ఆ తరువాత గదిలో అందరూ నవ్వాలి, ఇతడు నవ్వకూడదు. టీర్ పేరు ఎత్తవద్దు, చేయి తెగడం వంటి సూచనా పెట్టవద్దు. తెలిసిన పాఠకుడు గుర్తుపడతాడు, తెలియనివాడికి కూడా ఆ దృశ్యం తగలవలసిన చోటే తగులుతుంది.

మరొక సంగతి. ఆ పురాణాలలో జరగబోయేది అందరికీ ముందే తెలుసు. ఓడిన్‌ను ఆ తోడేలే మింగుతుంది. థోర్ మహాసర్పాన్ని చంపి, తొమ్మిది అడుగులు వేసి, దాని విషానికి కూలిపోతాడు. ఇది తెలిసి కూడా ఓడిన్ ఓడిపోబోయే యుద్ధానికి చచ్చిన వీరులను కూడగడుతూనే ఉంటాడు. నువ్వు ముగింపును చివరి అధ్యాయం దాకా దాచాలని తాపత్రయపడుతున్నావు. రేవు మూతబడుతుందని మొదటి పేజీలోనే చెప్పేస్తే, మూతబడబోయే రేవులో వల బాగుచేసుకునే మనిషి మీదికి పాఠకుడి దృష్టి మళ్ళుతుంది. పురాణాల మధ్య పెరిగిన మనం దీనిని యుగాంతంతో సరిపెట్టుకునే ప్రమాదం ఉంది, జాగ్రత్త. రాగ్నరోక్ తరువాత భూమి మళ్ళీ పచ్చగా సముద్రంలోంచి పైకి వస్తుంది కానీ, అది యుగచక్రంలా మళ్ళీ మళ్ళీ తిరుగుతుందని ఆ పాఠాలు చెప్పవు.

సామాన్యులకు ఆ కథల్లో చోటు లేదని నువ్వు రాశావు. నేను ఒప్పుకోను. ఓడిన్ కొడుకు విదార్ తన బూటుకాలితో తోడేలు కింది దవడను తొక్కిపట్టి తండ్రి చావుకు పగ తీర్చుకుంటాడు. ఆ బూటు, లోకులు చెప్పులు కుట్టుకునేటప్పుడు బొటనవేలి దగ్గరా, మడమ దగ్గరా కోసి పారేసిన తోలు ముక్కలతో కాలమంతా కూడుతూ వచ్చింది. దేవతలకు సాయపడాలనుకునేవాళ్ళు ఆ ముక్కలను పారవేయాలని స్నోర్రి అంటాడు. అలాగే శత్రువుల ఓడ చచ్చినవాళ్ళ గోళ్ళతో తయారవుతుంది కనుక, శవానికి గోళ్ళు తీయకుండా వదిలేయకూడదు. చెప్పులు కుట్టేవాడూ, శవానికి స్నానం చేయించే ఇల్లాలూ లోకాంతంలో భాగస్వాములే. నీ నవలలో ముసలమ్మ పాత్రకు ఇంకా పని దొరకలేదన్నావు కదా, ఇదిగో పని.

ఒక హెచ్చరిక కూడా చేయాలి. నాజీలు రూనిక్ అనే ఉత్తర ఐరోపా పాత లిపి గుర్తులను తమ యూనిఫారాల మీద వేసుకున్నారు. జాతి స్వచ్ఛత గురించి మాట్లాడే గుంపులు ఇప్పటికీ ఈ దేవతలను వాడుకుంటున్నాయి. నీ కథ నార్వేలో నడుస్తుంది కనుక అక్కడి పాఠకులకు ఈ చరిత్ర గుర్తుంటుంది, తప్పించుకోలేవు. పాత కథలు మాత్రం ఆ వాదానికి చోటివ్వవు: ఓడిన్ తల్లి రాక్షస వంశపు స్త్రీ, థోర్ తల్లి కూడా అంతే. పైగా ఇవి చచ్చిపోయిన నమ్మకాలు కావు. ఐస్‌లాండ్‌లో 1972లో ఏర్పడిన ఒక మత సంఘం ఈ దేవతలను కొలుస్తుంది, మరుసటి ఏడే దానికి ప్రభుత్వ గుర్తింపు వచ్చింది. వాళ్ళు చదివినా నొచ్చుకోని విధంగా రాయి.

చివరిగా, ఓడిన్ కొడుకు బాల్డర్ చనిపోయే అధ్యాయం. చితి మీదికి చేర్చే ముందు ఆ కొడుకు చెవిలో ఓడిన్ ఏం చెప్పాడన్నది ఒక పాత కవితలో చివరి ప్రశ్న; ఓడిన్‌కు తప్ప మరెవరికీ జవాబు తెలియదు కనుక, ఆ ప్రశ్నతోనే అడిగినవాడు ఓడిన్ అని ఎదుటి రాక్షసుడు గుర్తుపట్టి ఓటమి ఒప్పుకుంటాడు. నువ్వు ఆ రహస్యానికి రెండు పేజీల సంభాషణ రాశావు. భాష చక్కగా ఉంది, అయినా తీసేయమనే నా సలహా. తండ్రి వంగాడు, ఏదో అన్నాడు, ఎవరికీ వినబడలేదు అన్నంత వరకే ఉంచు.

ఫోర్‌మన్ సంతకం దృశ్యాన్ని మాత్రం ముందుగా రాసి పంపించు. మిగిలిన అధ్యాయాల క్రమం గురించి అది చదివిన తరువాత మాట్లాడుకుందాం.

ఇట్లు
నీ స్నేహితుడు