పాత ఫొటోల ప్రదర్శన: జమా ఖర్చుల వివరణ

ఆగస్టు 19, ప్రపంచ ఫొటోగ్రఫీ దినోత్సవం నాడు గ్రంథాలయం హాలులో మనం పెట్టిన పాత ఫొటోల ప్రదర్శనకు వచ్చిన డబ్బు, అయిన ఖర్చు ఇక్కడ రాస్తున్నాం. చందా ఇచ్చినవాళ్లకీ, బీరువాల్లో దాచుకున్న ఫొటోలు నమ్మి మా చేతికిచ్చినవాళ్లకీ లెక్క చెప్పడం కమిటీ బాధ్యత.

జమ: సభ్యుల చందా, 38 మంది నుంచి రూ.500 చొప్పున రూ.19,000. ఊరు వదిలి వేరే చోట్ల స్థిరపడ్డవాళ్లు పంపినది రూ.12,000. ప్రదర్శన దగ్గర పెట్టిన హుండీలో రూ.4,350. నిరుటి నిల్వ రూ.2,650. మొత్తం రూ.38,000.

ఖర్చు మొత్తం రూ.33,400. అందులో పెద్ద పద్దు మౌంట్ బోర్డు, అంటే ఫొటోకి వెనకా ముందూ పెట్టే దళసరి అట్ట, రూ.13,440. సర్వసభ్య సమావేశంలో ఎక్కువమంది అడిగిందీ దీని గురించే. ‘సన్‌బోర్డు (తేలికైన ప్లాస్టిక్ నురగ పలక) మీద అతికించేస్తే సగం డబ్బు మిగిలేది కదా’ అన్నారు. మిగిలేది, నిజమే. కానీ కమిటీ ఆలోచించే ఈ ఖర్చు పెట్టింది.

పెట్టిన 60 ఫొటోల్లో 48 కొత్తగా వేయించిన ప్రింట్లు, 12 అసలువి. అసలు ఫొటో వెనక జిగురు గానీ, రెండువైపులా అంటుకునే టేపు గానీ తగిలితే మళ్లీ క్షేమంగా ఊడదీయడం దాదాపు అసాధ్యం. సెల్లోటేపు కొన్నేళ్లకు పసుపు పచ్చగా మారి మరక వదులుతుంది. మామూలు అట్టలో ఉండే ఆమ్లం కాగితాన్ని లోపలి నుంచే తినేస్తుంది. పాత పెళ్లి ఫొటోల చుట్టూ గోధుమరంగు గీత చాలామంది చూసే ఉంటారు, అది అట్ట చేసిన పనే. పందొమ్మిదో శతాబ్దపు ప్రసిద్ధ ఫొటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్ స్టూడియో సికింద్రాబాద్‌లో నడిచిన కాలంలో ఫొటో కాగితం బాగా పల్చగా ఉండి చుట్టుకుపోయేది కాబట్టి దళసరి అట్టకు అతికించక తప్పేది కాదు. ఇప్పుడు ఆ అవసరం లేదు.

అందుకని ఆమ్లం లేని బోర్డు, నాలుగు పొరలది, హైదరాబాద్ నుంచి తెప్పించాం. 30×40 అంగుళాల షీటు ఒకటి రూ.420. ఒక షీటుకి 15×20 ముక్కలు నాలుగు వస్తాయి. ఒక్కో ఫొటోకి వెనక ఒకటి, ముందు ఫొటో కనపడేలా కిటికీ కోసిన ముక్క ఒకటి, అంటే 60 ఫొటోలకి 120 ముక్కలు, 30 షీట్లు. తరుగుకి రెండు కలిపి 32 కొన్నాం. పార్శిల్ ఖర్చు రూ.900.

ఫొటోను నాలుగు మూలలా కాగితపు కార్నర్లలో దూర్చామే తప్ప ఎక్కడా అతికించలేదు. మనది సముద్రం పక్క ఊరు. తేమకి కాగితం సాగుతుంది, ఎండకి ముడుచుకుంటుంది. కదలడానికి చోటు లేకపోతే మధ్యలో అలలు లేస్తాయి. కార్నర్లు, పై అట్టను వెనక అట్టకు కలిపే గుడ్డ టేపు కలిపి రూ.1,960. కిటికీలు కోసిన ఫ్రేముల షాపు మేస్త్రికి 60 ఫొటోలకి రూ.60 చొప్పున రూ.3,600. ఆయన అంచుల్ని 45 డిగ్రీల వాలుగా కోశారు. కింది అంచు పావు అంగుళం ఎక్కువ వదిలారు, సమానంగా వదిలితే కంటికి బొమ్మ కిందికి జారినట్టుంటుంది. ఆ పనితనం చూసినవాళ్లు ఇది ఎక్కువ కూలి అనరు.

అద్దంతో ఫ్రేములు కట్టించాలంటే ఒక్కోటి తక్కువలో తక్కువ రూ.700 అన్నారు. 60కి రూ.42,000, అంటే మనకు వచ్చిన మొత్తం కంటే ఎక్కువ. పైగా కొత్త ప్రింట్లు రేపు బడులకు తిరగాలి, అద్దాలతో ఆటోలో పంపడం పెద్ద టెన్షన్. ఫ్రేము లేకుండా పెట్టడానికి వడ్రంగి చేత గాడి ఉన్న చెక్క పట్టీలు చేయించి గోడ వెంట బిగించాం, రూ.3,500. మేకు ఒక్కటి కూడా ఫొటో జోలికి పోలేదు. పిల్లల వేళ్లు తగలకుండా పారదర్శక కవర్లు 60, రూ.22 చొప్పున రూ.1,320. కోసిన అట్ట మందం వల్ల కవరు ఫొటోకి అంటుకోదు.

మిగతావి: 10×15 అంగుళాల ప్రింట్లు 48, స్కానింగ్‌తో కలిపి రూ.110 చొప్పున రూ.5,280. పేర్ల చీటీలు రూ.600. టీ, బిస్కెట్లు రూ.1,800. హాలు గ్రంథాలయం వారు ఉచితంగా ఇచ్చారు, కరెంటుకీ శుభ్రం చేయించడానికీ రూ.1,000.

నిల్వ రూ.4,600 సంఘం బ్యాంకు ఖాతాలో ఉంది. దీన్ని ఫొటోలు దాచే పెట్టెలకే వాడాలని కమిటీ అభిప్రాయం. వచ్చే సమావేశంలో సభ్యులు తేల్చాలి. బిల్లులన్నీ గ్రంథాలయంలో ఫైలులో ఉన్నాయి, ఎవరైనా చూడొచ్చు.

అసలు ఫొటోల్లో పది యజమానులకు సంతకం తీసుకుని తిరిగిచ్చాం. వాళ్లు కోరినచోట మౌంటుతోనే ఇచ్చాం. ఇంకా రెండు కుటుంబాల వారు రావాలి. వాటిని బీరువాలో పడుకోబెట్టి ఉంచాం. దయచేసి ఈ నెలాఖరులోగా వచ్చి తీసుకెళ్లండి, రసీదు వెంట తెచ్చుకోండి.