పిల్లల చదువుకి ల్యాప్‌టాప్: సత్తిబాబుకి

ఒరేయ్ సత్తిబాబూ,

నీ మెసేజ్ చూశాను. పిల్లలిద్దరినీ ఇంట్లోనే చదివిద్దామని నువ్వూ చెల్లెమ్మా గట్టిగానే అనుకున్నారన్నమాట, చాలా సంతోషంగా ఉంది రా. పెద్దదానికి పద్నాలుగు నిండితే ఇంటి దగ్గర చదివేవాళ్ళకి పరీక్షలు పెట్టే జాతీయ ఓపెన్ స్కూల్, అదే ఎన్‌ఐఓఎస్‌లో పదో తరగతి కట్టించొచ్చు, తెలుగు మీడియం కూడా ఉంది, కాబట్టి ఆ టెన్షన్ పెట్టుకోకు.

ఇక ల్యాప్‌టాప్ సంగతి. "పిల్లలకే కదా, చవకది చాల్లే" అన్నావు చూడు, అక్కడే నాకు నీతో పేచీ. నువ్వయితే చెరువు లెక్కలు అరగంట చూసుకుని మూసేస్తావు, వాళ్ళు రోజూ గంటల తరబడి దాని ముందే కూర్చుంటారు. మంచి స్క్రీనూ మంచి కీబోర్డూ కావాల్సింది వాళ్ళకే. ప్రాసెసర్ గొప్పది అక్కర్లేదు, గేమింగ్ గ్రాఫిక్స్ అసలే వద్దు.

షాపులో ముందు స్క్రీన్ చూడు. ఫుల్ హెచ్‌డీ, అంటే 1920 బై 1080 ఉండాలి, పక్కనుంచి చూసినా రంగులు మారని ఐపీఎస్ ప్యానెల్ అయ్యుండాలి, అద్దంలా మెరవకూడదు. ఎదురుగా కూర్చుని చూస్తే అన్నీ బాగానే కనిపిస్తాయి, పక్కకి జరిగి చూడు. చవక ప్యానెల్ అయితే రంగులు మారిపోయి తెల్లగా పాలిపోతుంది. మీ ఇంట్లో ఒకే ల్యాప్‌టాప్‌కి చెరో పక్కన ఇద్దరు కూర్చుంటారు కాబట్టి ఇది చాలా ముఖ్యం.

ర్యామ్, అంటే ఒకేసారి నాలుగు పనులు తెరవడానికి కావాల్సిన మెమరీ, 8 జీబీకి తగ్గకు. 4 జీబీతో విండోస్ 11 లేస్తుంది కానీ వీడియో పాఠం, పీడీఎఫ్, రెండు బ్రౌజర్ ట్యాబులు కలిపి తెరిస్తే నత్తనడకే, పిల్లకి విసుగొచ్చి చదువు మీదే ఆసక్తి పోతుంది. స్టోరేజ్, అంటే ఫైళ్ళు దాచుకునే చోటు, 256 జీబీ ఎస్‌ఎస్‌డీ (వేగంగా పనిచేసే డిస్క్) తీసుకో. 64 జీబీ ఈఎమ్ఎమ్‌సీ (చవక రకం నెమ్మది స్టోరేజ్) అని రాసున్నవి మాత్రం ఎంత తక్కువకిచ్చినా వద్దు. అది బోర్డుకే అతికించి ఉంటుంది, మార్చడం కుదరదు, విండోస్ అప్‌డేట్లకే నిండిపోతుంది.

30 వేలే బడ్జెట్ అన్నావు కాబట్టి నా ఓటు కంపెనీలు వాడి తీసేశాక బాగుచేసి అమ్మే రిఫర్బిష్డ్ బిజినెస్ ల్యాప్‌టాప్‌లకే: థింక్‌ప్యాడ్, లాటిట్యూడ్, ఎలైట్‌బుక్ లాంటివి. గట్టి బాడీ, మంచి కీబోర్డు, చాలా మోడళ్ళలో ర్యామూ బ్యాటరీ మార్చుకోవచ్చు. కాకపోతే ఇంటెల్ అయితే ఎనిమిదో జనరేషన్ కంటే పాతది కొనకు, దానికి విండోస్ 11 అధికారికంగా ఎక్కదు, విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తోనే అయిపోయింది. బ్యాటరీ రిపోర్ట్ అక్కడే తీయమను. డిజైన్ కెపాసిటీ (కొత్తలో పట్టే ఛార్జ్), ఫుల్ ఛార్జ్ కెపాసిటీ (ఇప్పుడు పట్టేది) అని రెండు అంకెలు కనిపిస్తాయి, రెండోది మొదటి దాంట్లో సగానికి పడిపోతే కొత్త బ్యాటరీ వేసిమ్మని పట్టుబట్టు.

క్రోమ్‌బుక్, అదే విండోస్ బదులు గూగుల్ సిస్టమ్‌తో ఎక్కువగా నెట్ మీదే నడిచే ల్యాప్‌టాప్, గురించి అడిగావు. నెట్ బాగా ఉన్నచోట మంచిదే, మీ ఊరికి నేను చెప్పను. తుఫానొచ్చి స్తంభాలు పడితే నెట్ కేబుల్ ఎప్పుడు తిరిగొస్తుందో తెలీదు, వరదొస్తే మీ లంక సంగతి సరేసరి. నెట్ లేకపోయినా చదువు ఆగకూడదు, నేను అన్నిటికంటే ఎక్కువ ఆలోచించింది దీని గురించే. కివిక్స్ అని నెట్ లేకుండా చదువుకునే యాప్ ఉంటుంది, దాంట్లో తెలుగు వికీపీడియా మొత్తం దింపి పెట్టుకోవచ్చు. కొలిబ్రి అనే ఇంకో యాప్‌లో ఖాన్ అకాడమీ వాళ్ళ ఉచిత వీడియో పాఠాలు కూడా దింపుకోవచ్చు. ప్రభుత్వం వాళ్ళ దీక్ష యాప్‌లో పుస్తకాల పీడీఎఫ్‌లు ఎలాగూ ఉన్నాయి. స్క్రాచ్ (కోడింగ్ నేర్చుకోడానికి), జియోజీబ్రా (లెక్కలకి), లిబ్రే ఆఫీస్ (రాతపనికి) అన్నీ ఉచితమే, ఒకసారి ఎక్కిస్తే నెట్ అడగవు. చిన్నోడికి బొమ్మలేసుకునే టక్స్ పెయింట్, ఆటలతో నేర్పే జీకాంప్రి చాలు, వాడికి వేరే ల్యాప్‌టాప్ ఇప్పుడే వద్దు. తెలుగు టైపింగ్‌కి ఏమీ కొనక్కర్లేదు, ఇంగ్లిష్ అక్షరాలు కొడితే తెలుగు పడే ఫోనెటిక్ కీబోర్డు విండోస్‌లోనే ఉంది.

టైప్-సీతో ఛార్జ్ అయ్యేది చూడు, ఛార్జర్ పోయినా అమలాపురంలో దొరుకుతుంది. 65 వాట్ల ఛార్జరే కాబట్టి మీ ఇన్వర్టర్ మీద హాయిగా నడుస్తుంది. చెరువుల్లో నీళ్ళకి గాలి అందించే ఏరేటర్లన్నీ ఒకేసారి తిరిగేటప్పుడు మీ వైపు వోల్టేజ్ ఎలా ఉంటుందో నాకంటే నీకే తెలుసు, కరెంటు ఒక్కసారిగా పెరిగితే ఆపే మంచి స్పైక్ గార్డ్ లేకుండా గోడకి గుచ్చకు. ఉప్పుగాలికి పోర్టులు తుప్పు పడతాయి, వాడనప్పుడు బ్యాగులో సిలికా జెల్ పొట్లాలేసి ఉంచు.

ఇంకో మాట, ఎన్‌ఐఓఎస్ పరీక్షలు పెన్నుతోనే రాయాలి. రోజూ నోటు పుస్తకంలో రాయించడం మానకండి.

పిల్లలకి వేరే అకౌంట్ పెట్టి ఫ్యామిలీ సేఫ్టీ (పిల్లలు ఏం చూస్తారో, ఎంతసేపు వాడతారో పెద్దవాళ్ళు అదుపు చేసేది) ఆన్ చెయ్యడం ఫోన్లో చెప్తే అర్థం కాదు, వచ్చి చేసి పెడతాను. ఆదివారం రాజమండ్రి వెళ్దామా? నేను రావులపాలెంలో బస్సెక్కుతా. డబ్బులిచ్చే ముందు వారంటీ కాగితం మీద రాయించుకుందాం, నోటిమాట నమ్మొద్దు. చెల్లెమ్మని అడిగానని చెప్పు.

నీ
శ్రీను