చౌరస్తాలో జాజికాయ పండు

శ్రీకాకుళం

ఒరే బావా,

ఫోన్‌లో నీకు సగం కూడా చెప్పలేకపోయాను. నువ్వు తోటలో ఉన్నావు, సిగ్నల్ తెగిపోతోంది, నాకేమో చెప్పాల్సింది బోలెడుంది. అందుకే కాగితం తీశాను. పెనాంగులో ఉన్న ఐదు రోజులూ నువ్వు రాలేదన్న బాధ మా ముగ్గురికీ ఉంది. ఎక్కడ భోజనానికి కూర్చున్నా "ఆడు కూడా ఉంటే బాగుణ్ణురా" అని పొట్టోడు అనని పూట లేదు.

ప్రయాణం సంగతి ఎక్కువ రాయను. విశాఖలో విమానం ఎక్కి కౌలాలంపూర్‌లో దిగాం, అక్కడి నుంచి బస్సు. 2023 డిసెంబరు నుంచి మనవాళ్లకి మలేషియా వెళ్లడానికి వీసా అక్కర్లేదు, బయల్దేరే ముందు ఆన్‌లైన్‌లో ఒక ఫారం నింపితే చాలు. నీ పాస్‌పోర్టు బీరువాలో ఊరికే పడుంది, గుర్తుపెట్టుకో.

పెనాంగు ఒక దీవి. దాని మీది పాత ఊరు జార్జ్‌టౌన్. 2008లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. మసీదు, చీనా గుడి, 1833 నాటి మారియమ్మన్ కోవెల, అన్నీ నడిచి చూసేంత దగ్గర. ఒక గోడ మీద ఇద్దరు పిల్లల బొమ్మ వేసి, వాళ్ల కింద నిజం సైకిల్ బిగించారు. ఫోటో కోసం అక్కడ పెద్ద క్యూ. నాకు మాత్రం చ్యూ జెట్టీ ఎక్కువ నచ్చింది. సముద్రంలో స్తంభాలు పాతి, వాటి మీద చెక్క ఇళ్లు కట్టుకున్నారు. అందరూ చీనా నుంచి వచ్చిన ఒకే ఇంటిపేరు వాళ్లు. నడుస్తుంటే చెక్కల సందుల్లోంచి కింద నీళ్లు కనిపిస్తాయి. ఒక గుమ్మంలో ముసలావిడ ఎండు రొయ్యలు చాటలో తిరగేస్తోంది. ఆ వాసనకి నాకు మన భావనపాడు సముద్రతీరం కళ్ల ముందు కనబడింది.

తిండి విషయానికొస్తే, నాసి కాందార్ అని ఒకటి ఉంది. నాసి అంటే అన్నం, కాందార్ అంటే కావడి. పూర్వం తమిళ ముస్లిములు అన్నం ఒక వైపు, కూరలు ఒక వైపు కావడి కట్టి వీధుల్లో అమ్మేవారట. ఇప్పుడు హోటళ్లే పెట్టారు. అన్నం మీద నాలుగైదు రకాల పులుసులు కలిపి పోస్తారు. అసాం లక్సా అయితే చింతపండు వేసిన చేపల పులుసే, అందులో బియ్యపు నూడుల్స్, పుదీనా, అనాస ముక్కలు. మొదటి చెంచాకి ముఖం చిట్లించిన పొట్టోడు రెండో గిన్నె కూడా తెప్పించుకున్నాడు. ఎండకి చెండోల్ తాగాం, కొబ్బరిపాలు, నల్లటి బెల్లప్పాకం, తురిమిన ఐసు. మీ ఉద్దానం కొబ్బరితో చేస్తే ఇంకా బాగుంటుందని నా గట్టి నమ్మకం.

ఇప్పుడు అసలు సంగతి. అక్కడ చౌరస్తా అని ఒక మార్కెట్ ఉంది. పేరు చూడగానే మన ఊరి బజారుకి వచ్చినట్టయింది. ఊరబెట్టిన పండ్లన్నీ గాజు జాడీల్లో వరసగా పెట్టారు. వాటిలో జాజికాయ! మనకి జాజికాయ అంటే పాయసంలోకి అరగదీసే గట్టి గింజే కదా. అక్కడ పండు చూశాను. లేత పసుపు రంగు, చిన్న జామకాయంత ఉంటుంది. షాపావిడ చాకుతో రెండుగా చీల్చి చూపించింది. మధ్యలో నల్లగా మెరిసే గింజ, దాని చుట్టూ ఎర్రటి వల. ఆ వలే జాపత్రి. బయటి కండని మాత్రం సన్నగా తరిగి పంచదారలో ఊరబెడతారు, రసం తీసి సీసాల్లో పోస్తారు. ఒక ముక్క నోట్లో పెట్టింది. ముందు తీపి, తర్వాత ఘాటు, చివర్లో నాలుక చల్లబడుతుంది. ఈస్టిండియా కంపెనీ వాళ్లు నాటించిన పంట అది, 200 ఏళ్లు దాటింది. పండులో ఏదీ పారేయడం లేదు, బావా.

అప్పుడు నువ్వే గుర్తొచ్చావు. మనం పిక్క తెంపుకుని జీడిమామిడి పండుని చెట్టు కిందే వదిలేస్తాం. 80 కిలోల బస్తా పిక్కల కోసం ఎన్ని బుట్టల పండ్లు కుళ్లిపోతున్నాయో నీకే తెలుసు. తిత్లీ తుపానులో చెట్లు పోయాక మళ్లీ నాటి, బిడ్డల్లా పెంచావు. ఆ పండులో నారింజ కంటే ఎక్కువ విటమిన్ సి ఉంటుంది. గోవాలో దానితో ఫెనీ అనే సారా కాస్తారు, మనకి అది వద్దు, ఉత్త రసం తీసి చూద్దాం. రసంలో గంజి కలిపి కాసేపు ఉంచి తేరిస్తే ఆ వగరు, గొంతు గర తగ్గుతాయి. అయితే తీసిన పూటే వాడాలి, ఆలస్యమైతే పులిసిపోతుంది.

నీ కోసం కొన్న జాజికాయ రసం సీసాని చేతి సంచిలో పెట్టాను. విమానాశ్రయంలో 100 మిల్లీలీటర్లు దాటిందని తీసేసుకున్నారు. ఎంత బాధేసిందో చెప్పలేను. ఊరబెట్టిన ముక్కల పొట్లాలు మాత్రం పెద్ద బ్యాగులో భద్రంగా వచ్చాయి. ఒకటి పలాస బస్సుకి పార్సిల్ వేస్తున్నాను. చెల్లెమ్మకి ముందు పెట్టు, ఎలా ఉందో అడిగి రాయి.

పూత బాగా నిలిచిందన్నావు కదా. పండ్లు దిగే వారం కబురు పెట్టు, నేనూ పొట్టోడూ గాజు జాడీలు పట్టుకుని వస్తాం. మొదటి రోజు ఏరిన పండ్లలో రెండు బుట్టలు నీడన పక్కకి తీసి ఉంచు.

నీ
బావ