డ్రెస్సింగ్ రూమ్ అన్నకి, ఇంకా చాలామందికి

నిన్న సాయంత్రం పాపని ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చుకున్నాం. 23 రోజులు అక్కడే ఉన్నాం. ఇప్పుడు రాయకపోతే మళ్ళీ రాయలేను, అందుకే నిద్రమొహంతోనే రాస్తున్నా. తప్పులుంటే సర్దుకోండి.

విషయం చాలామందికి తెలుసు. బంధువుల గృహప్రవేశంలో పొయ్యి మీంచి దింపిన సాంబారు గిన్నె పాప మీద ఒలికింది. పొట్ట, కుడి తొడ. 20 నిమిషాలు కుళాయి కింద ఉంచాల్సింది పోయి ఎవరో టూత్‌పేస్టు పూశారు. ఎవరని అడగను. నేనూ అక్కడే ఉన్నా, ఆపలేదు.

ఐదో రోజు జ్వరం 103. కట్టు విప్పితే గుడ్డ మీద ఆకుపచ్చ మరక, మగ్గిపోయిన ద్రాక్షపండ్ల వాసన. సూడోమోనాస్ అనే బ్యాక్టీరియా పట్టింది అన్నారు డాక్టరుగారు. యాంటీబయాటిక్ ఎక్కుతూనే ఉంది కదా సార్ అంటే, "కాలిన తోలులో రక్తనాళాలే మిగల్లేదు. నెత్తురు వెళ్ళని చోటికి మందెలా వెళ్తుంది? పైనుంచే ఇవ్వాలి" అన్నారు. అప్పటిదాకా రాస్తున్నది సిల్వర్ సల్ఫాడయజిన్, అదే తెల్ల క్రీము. రోజూ విప్పడం, కడగడం, రాయడం. పాప కేకలు వరండా చివరిదాకా. దాని బదులు నానో సిల్వర్ షీటు వేద్దామన్నారు. తడి తగిలితే వెండి కొంచెం కొంచెంగా పుండులోకి దిగుతుంది, మూడు రోజులు కట్టు విప్పక్కర్లేదు.

ఇక కట్లు మార్చే డ్రెస్సింగ్ రూమ్ అన్న గురించి. పేరు రాయొద్దన్నారు.

పాత గాజుగుడ్డ పుండుకి అతుక్కుపోయింది. ముందురోజు ఒకరు ఒక్క లాగు లాగారు, ఆ అరుపు ఇంకా చెవుల్లోనే ఉంది. ఈయన స్టూలు లాక్కుని కూర్చుని, సెలైన్ పోసి నానబెడుతూ పోగు పోగునా విప్పారు. నలభై నిమిషాలు. కొత్త షీటుని మాత్రం సెలైన్‌తో తడపకూడదట, అందులో ఉప్పు వెండిని పట్టేసుకుంటుందట. డిస్టిల్డ్ వాటరే వాడాలి. ఆ సీసా ట్రేలో లేదు. ఆయన చొక్కా గుండీ విప్పి లోపల్నుంచి తీశారు. పొద్దున్నుంచీ పొట్టకి ఆనించుకునే తిరుగుతున్నారు. "ఏసీలో చల్లబడిపోద్ది సార్, పిల్ల ఉలిక్కిపడిద్ది" అన్నారు.

నేను బయటికొచ్చేశాను. సాంబారు పడిన రోజు ఏడవలేదు, ఆ ఆకుపచ్చ మరక చూసీ ఏడవలేదు. సైకిల్ స్టాండు వెనక నిలబడి ఏడ్చాను.

ఐదుసార్లు కట్టు మార్చారు, ఐదుసార్లూ సీసా చొక్కాలోంచే వచ్చింది. ఐదొందలు చేతిలో పెట్టబోతే టీ తాగుదాం రండని తీసుకెళ్ళి డబ్బులు ఆయనే ఇచ్చారు. కాంట్రాక్టు ఉద్యోగమనీ, మూడు నెలలుగా జీతం పడలేదనీ తర్వాత ఇంకెవరో చెప్పారు.

అనకూడదనుకున్నా గానీ అనేస్తా. ఆ వెండి షీటు చికిత్స ప్యాకేజీలో రాదట. క్రీము అయితే వస్తుంది, షీటు బయట కొనుక్కోవాలి. మార్చిన ప్రతిసారీ నాలుగు వేల పైనే. వచ్చే ఆ క్రీము కూడా రెండు రోజులు స్టాకు లేదు. రోజూ కట్టు మార్చడానికయ్యే దూది, గుడ్డ, మనుషులు, ఆ పిల్ల కేకలు ఏ పద్దులో రాస్తారో కౌంటర్లో అడిగాను. టోకెన్ తీసుకోమన్నారు.

పచ్చదనం పోయి పుండు ఎర్రగా తేరాక మందు కలిపిన కొల్లాజెన్ (చర్మంలో ఉండే ప్రొటీన్) షీటు వేశారు. చీముండగా వేస్తే దానికిందే చీము పడుతుందని అన్నాళ్ళు ఆగారు. తడిపితే ఉల్లిపొరలా ఉంది. కింద చర్మం వచ్చేకొద్దీ అంచులు లేచి తనంతట తనే ఊడింది. వేరేచోట చర్మం తీసి అతికించే పని తప్పింది. కొల్లాజెన్‌ని పశువుల తోలు నుంచి తీస్తారట, చెన్నై తోలు పరిశోధన సంస్థ వాళ్ళు దీనిమీద చాలా పనిచేశారట. (అమ్మా, ఇది చదువుతుంటే, నీకు చెప్పనందుకు క్షమించు.)

మా ఆవిడ, అమ్మ, బావమరిది గురించి ఏం రాస్తాను, ఇంటివాళ్ళే కదా.

మర్చిపోయా: రాత్రి పదకొండుకి షట్టరెత్తి షీట్లిచ్చిన మెడికల్ షాపాయన. గ్లవ్‌కి గాలి ఊది కోడిపుంజు బొమ్మ వేసిచ్చిన ట్రైనీ నర్సమ్మ. నా షిఫ్టులు చూసుకున్న ఆఫీసు వాళ్ళు. పక్క మంచం పెద్దమ్మగారు, మీ ఫోన్ నంబరు తీసుకోలేదు.

ఇంకోటి. రెండు గిన్నెల స్టీలు క్యారియర్ ఒకటి మాతో వచ్చేసింది. ఎవరో పెరుగన్నం పెట్టిచ్చారు, మా ఆవిడకీ గుర్తులేదు. మూత మీద చుక్కల అక్షరాలతో పెళ్ళి తేదీ చెక్కి ఉంది. మీదైతే తేదీ చెప్పండి, కడిగి ఉంచాం.