వరి మడి మీథేన్: తగ్గించేది మనం, లెక్క ఎవరిది?

సంపాదకులకు,

భూమిని వేడెక్కించే మీథేన్ వాయువును 2030 నాటికి 30 శాతం తగ్గిస్తామంటూ 2021లో గ్లాస్గోలో పలు దేశాలు చేసిన ప్రతిజ్ఞలో మన దేశం చేరలేదు. సరైన నిర్ణయమే. మన మీథేన్‌లో ఎక్కువ భాగం పశువులది, వరి మళ్లది. చిన్న రైతు బతుకుతెరువునూ చమురు బావుల లీకేజీనీ ఒకే గాటన కట్టడం అన్యాయం. నిలిచిన నీటి కింద గాలి అందని మట్టిలో మీథేన్ పుడుతుంది కాబట్టి, మడిలో నీరు తగ్గిస్తే అదీ తగ్గుతుంది. కానీ ఆ నీరు తగ్గించడం ఎవరి కోసమో కాదు, మన బోర్ల కోసం చేయాల్సిన పని.

మడిని కొన్నాళ్లు ఆరనిచ్చి మళ్లీ తడిపే తడి-పొడి పద్ధతికి కావాల్సింది అడుగు పొడవు పీవీసీ గొట్టం. కింది సగానికి చుట్టూ రంధ్రాలు పెట్టి, అంతవరకు మడిలో దించి, లోపలి మట్టి తోడేయాలి. నాటిన రెండు వారాలకు మొదలుపెట్టవచ్చు. గొట్టం అడుగున నీరు కనిపించలేదంటే మట్టం 15 సెంటీమీటర్లు దిగినట్టు. అప్పుడు 5 సెంటీమీటర్ల నీరు పెడితే చాలు. పూతకు వారం ముందు నుంచి వారం తర్వాత దాకా మాత్రం మడి ఆరనివ్వకూడదు, తాలు పెరుగుతుంది. చౌడు నేలలకు ఇది పనికిరాదు. యూరియా వేసిన వెంటనే నీరు పెట్టాలి. ఆరిన మడిలో రోజుల తరబడి వదిలేస్తే నత్రజని కొంత నైట్రేట్‌గా మారి, తిరిగి తడిపినప్పుడు నైట్రస్ ఆక్సైడ్‌గా పోతుంది. అది బొగ్గుపులుసు వాయువు కంటే సుమారు 270 రెట్లు వేడి పెంచుతుంది. జాగ్రత్తగా చేస్తే దిగుబడి తగ్గకుండానే మీథేన్ దాదాపు సగానికి తగ్గుతుంది.

మరి రైతులు ఎందుకు చేయడం లేదు? కాల్వ చివరి భూముల్లో నీరు మళ్లీ ఎప్పుడొస్తుందో తెలియదు, వచ్చినప్పుడే మడి నింపుకుంటారు. బోరు కింద కరెంటు ఉచితం, నీరు ఆదా చేస్తే చేతికి రూపాయి రాదు. కాల్వ నీటి వంతుల తేదీలు ముందే ప్రకటించి, కచ్చితంగా పాటిస్తే సగం సమస్య తీరుతుంది.

మిగతా సగానికి కార్బన్ క్రెడిట్లు, అంటే తగ్గించిన వాయువును లెక్కగట్టి అమ్ముకునే పత్రాలు, అంటున్నారు. వాతావరణ మార్పుపై దేశాలు చేసుకున్న పారిస్ ఒప్పందం 6వ అధికరణ కింద ప్రభుత్వ అనుమతితో ఆ తగ్గింపును విదేశానికి బదిలీ చేస్తే, దాన్ని మన దేశం తన ఖాతాలో చూపుకోలేదు. ఇంత తేలిగ్గా, చవగ్గా వచ్చే తగ్గింపును అమ్మేసుకుంటే రేపు మనకు ఖరీదైనవే మిగులుతాయి. మడిలో నీరు ఎప్పుడు నిలిచింది, ఎప్పుడు ఆరింది అన్న లెక్కలో తేడా వస్తే క్రెడిట్లే చెల్లవు. 2024లో ఇలాంటి క్రెడిట్లను ధ్రువీకరించే వెర్రా సంస్థ చైనాలోని 37 వరి ప్రాజెక్టులను తిరస్కరించింది.

డబ్బు ఎవరికన్నది మరో ప్రశ్న. గొట్టం చూసి నీరు పెట్టేది కౌలు రైతు, పాస్‌బుక్ యజమానిది. ఎకరాకు ఎంత, ఎప్పుడు, ఎవరి ఖాతాలోకి అన్నది తెలుగులో రాసి గ్రామసభలో చదివి వినిపించనిదే ఏ రైతు చేతా సంతకం పెట్టించకుండా రెండు రాష్ట్రాల వ్యవసాయ శాఖలు ఈ వానాకాలంలోపే ఉత్తర్వులివ్వాలి.

– ఒక పాఠకుడు, మిర్యాలగూడ