జల్లెడలో మిగిలినవి పారేయకండి

ఏప్రిల్ నెల బడి లేఖ

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

గత ఆదివారం మన తెలుగు బడి పిల్లల్ని శిలాజాలు ఏరడానికి నదికి తీసుకెళ్లాం. ఆ సాయంత్రం మీ పిల్లలు ఇంటికి తెచ్చిన తడి సంచుల గురించే ఈ లేఖ. లోపల నల్లటి రాళ్లు, పైన బురద వాసన. అవేంటని అడిగితే సగంమంది "షార్క్ పళ్లు" అని, మిగతా సగం "డైనోసార్ ఎముకలు" అని చెప్పి ఉంటారు. మొదటివాళ్ల మాట చాలావరకు నిజం. రెండోవాళ్ల సంగతి కింద రాశాను. ఈలోగా ఒక్క మనవి. ఏదీ పారేయకండి, ఎవరికీ ఇచ్చేయకండి. ఇద్దరు తల్లులు అప్పుడే ఫోన్ చేసి "ఈ కంకర పెరట్లో పోసేయమంటారా?" అని అడిగారు, అందుకే ముందుగా చెబుతున్నాను.

రాలేకపోయినవాళ్ల కోసం కాస్త వివరంగా రాస్తాను. మేం వెళ్లింది మన ఫ్లోరిడాలోనే, జోల్ఫో స్ప్రింగ్స్‌లో పయనీర్ పార్క్ పక్కన పీస్ నదికి. బార్టో దగ్గర మొదలై, దాదాపు 170 కిలోమీటర్లు దక్షిణంగా పారి, పుంటా గోర్డా దగ్గర షార్లెట్ హార్బర్‌లో కలిసే నది ఇది. గోదావరిని చూసినవాళ్లు దీన్ని నది అనడానికి ఒప్పుకోరు, మన వైపు పెద్ద వాగంత ఉంటుంది. నీళ్లు డికాషన్ రంగులో ఉంటాయి. అది మురికి కాదు, చిత్తడి నేలల్లో నానిన ఆకుల నుంచి దిగిన రంగు. మొదట నీళ్లలోకి దిగనని మొండికేసినవాళ్లే మధ్యాహ్నం బయటికి రామని మొండికేశారు.

సామాను పెద్దగా ఏమీ లేదు. రెండు పారలు, ఒక ఇనుప కడ్డీ, ఆరు జల్లెడలు. చెక్క చట్రానికి పావు అంగుళం కన్నాల తీగ జాలీ బిగించి, నీళ్ల మీద తేలడానికి చుట్టూ స్విమ్మింగ్ పూల్‌లో వాడే ఫోమ్ గొట్టాలు కట్టాం. వట్టి ఇసుక ఎంత తవ్వినా లాభం లేదు, కంకర పొర దొరకాలి. నీళ్లలోకి కడ్డీ గుచ్చితే ఇసుకలో మెత్తగా దిగిపోతుంది, కంకర తగిలితే చేతికి కరకరమంటుంది. ఆ కరకర పట్టుకోవడంలో పెద్దవాళ్లకన్నా పిల్లలే నయం.

క్రితం నెల 'వంటింటి మాటలు' పాఠంలో జల్లించడం, గాలించడం, చెరగడం, ఏరడం చెప్పాం. ఒక్కరికీ తలకెక్కలేదు. టాంపాలో కొనే బియ్యంలో రాళ్లు రావు కదా, ఆ మాటలతో వాళ్లకేం పని? నదిలో మోకాళ్ల లోతున నిలబడి ఊపుతుంటే ఇసుక జారిపోయి ముక్కలు మిగిలాయి. అప్పుడు ఒక నాలుగో తరగతి అబ్బాయి పక్కవాడి చెయ్యి పట్టుకుని ఆపి, "ఆగరా, ఇంకా జల్లించడమే అవలేదు, అప్పుడే ఏరేస్తున్నావు" అన్నాడు. ఆ ఒక్క వాక్యంతో నా పెట్రోలు డబ్బులు నాకు వచ్చేసినట్టే.

ఇక సంచిలో ఏముంది? ఫ్లోరిడా చాలాసార్లు సముద్రంలో మునిగి తేలిన నేల. సముద్రం పైకొచ్చినప్పుడు షార్కులు, తిరండి చేపలు (ఇంగ్లీషులో 'రే'), సముద్రపు ఆవులు ఇక్కడ తిరిగాయి. వెనక్కి తగ్గినప్పుడు ఏనుగుజాతి జంతువులు, గుర్రాలు, ఒంటెలు తిరిగాయి. నది ఈ పొరలన్నిటినీ కోసుకుంటూ పోయి, అన్నిటినీ ఒకే కంకరలో కలిపేసింది. పండక్కి అటక దులిపితే తాతగారి కళ్లజోడు, నిరుటి దీపావళి మతాబుల పెట్టె ఒకే గోనెసంచిలో దొరికినట్టు, ఒక్క జల్లెడలో 50 లక్షల ఏళ్ల నాటి షార్క్ పన్ను పక్కనే, పాతిక వేల ఏళ్ల నాటిది కావచ్చనిపించే గుర్రం పన్ను ఉంటుంది. పక్కపక్కన దొరికాయని ఒకే వయసు అనుకోకూడదు. రంగును బట్టీ చెప్పలేం. ఇక్కడి నేలలో ఫాస్ఫేట్ ఎక్కువ. 1881లో ఈ నదిలోనే ఫాస్ఫేట్ గులకలు కనిపించాయి, ఆ తర్వాతే ఇక్కడ గనుల వ్యాపారం మొదలైంది. ఎముక, పన్ను ఏ మట్టిలో పడి ఉంటే అందులోని ఖనిజాలు పీల్చుకుని ఆ రంగు తెచ్చుకుంటాయి. "ఇది బాగా నల్లగా ఉంది కాబట్టి బాగా పాతది" అని ఒక నాన్నగారు ఎంతో నమ్మకంగా చెప్పారు. క్షమించాలి, అది కుదరదు.

వాట్సాప్ గ్రూపులో మీరు పెట్టిన 'మెగలొడాన్' ఫొటోలు 11 చూశాను. వాటిలో నిజంగా మెగలొడాన్‌వి రెండే, రెండూ సగం విరిగినవి. బాధపడకండి. అది 36 లక్షల ఏళ్ల క్రితం అంతరించిపోయిన షార్క్, పెద్ద పన్నయితే అరచేతిని నింపేస్తుంది. అంచు పొడవునా సన్నటి రంపపు గాట్లు సమంగా ఉంటాయి, పన్నుకీ వేరుకీ మధ్య ముదురు రంగు పట్టీ ఒకటి ఉంటుంది. మిగతా తొమ్మిదిలో నాలుగు హెమిప్రిస్టిస్ అనే షార్క్‌వి. దీని గాట్లు మోటుగా, లావుగా ఉండి, కొన దాకా వెళ్లకుండా ముందే ఆగిపోతాయి. గాట్లే లేకుండా నున్నగా, ఇంగ్లీషు 'టీ' అక్షరంలా ఉన్నవి లెమన్ షార్క్‌వి. కోడి జుట్టులా ఒక పక్కకి ఒరిగినవి టైగర్ షార్క్‌వి. షార్క్ పళ్లే ఇంతగా ఎందుకు దొరుకుతాయని ఒక పాప అడిగింది. షార్క్ అస్థిపంజరం మృదులాస్థి, మన చెవి డొప్పలో ఉన్నలాంటిది, అది తొందరగా కుళ్లిపోతుంది. పళ్లు మాత్రం వరసలు వరసలుగా జీవితాంతం ఊడుతూ, కొత్తవి వస్తూ ఉంటాయి. ఒక్కో షార్క్ వేల పళ్లు రాల్చుకుంటుంది. అందరికీ కనీసం ఒకటైనా దొరకడానికి కారణం అదే, మన అదృష్టం కాదు.

నల్లటి చిన్న పలకలా ఉండి, ఒకవైపు నున్నగా, మరోవైపు దువ్వెన పళ్లలా గాడులు ఉంటే అది తిరండి చేప నోటిలోని పలక. దోసె మీద చిల్లుల్లాంటి గుంటలున్న మందపాటి బిళ్ల మొసలిజాతి ఎలిగేటర్ వీపు మీద కవచంలోది. ముగ్గులో పువ్వులా మధ్యన గుండ్రం, చుట్టూ రేకులు ఉన్న ఎముక ముక్క దొరికితే ఆ ఇంట్లో ఆ రోజు పాయసం చేసుకోవచ్చు. అది గ్లిప్టోడాంట్ పెంకు, అంటే చిన్న కారంత ఉండే అలుగులాంటి జంతువుది. మనకు ఒక్కటే దొరికింది, రెండో తరగతి పాపకి. ఆ పాప దాన్ని బిస్కెట్ అనుకుంది.

మామత్, మాస్టొడాన్ రెండూ అంతరించిపోయిన ఏనుగుజాతి జంతువులే, వాటి పళ్లకి తేడా ఇంట్లోనే చెప్పేయొచ్చు. అప్పడాల కట్టను నిలువుగా నిలబెట్టినట్టు పలకలు పక్కపక్కన ఉంటే మామత్, గడ్డి నూరుకునే పన్ను. కొండ శిఖరాల్లా గుబ్బలుంటే మాస్టొడాన్, ఆకులు, కొమ్మలు నమిలే పన్ను. మనకు మామత్ పన్ను పలక ఒకటి, ముక్కగా దొరికింది.

అన్నిటికన్నా ఎక్కువగా ఉన్నది మాత్రం అరటికాయలా వంగి, రాయంత బరువున్న ఎముక ముక్కలు. వీటి గురించి నా కథ కూడా చెప్పాలి. నా బల్ల మీద ఏడేళ్లపాటు ఇలాంటిదే ఒకటి ఉండేది. వచ్చినవాళ్లందరికీ "మామత్ దంతం" అని చెప్పేదాన్ని. ఇండియా నుంచి వచ్చిన మా అత్తగారికి కూడా చూపించి, నా చేతిలో ఉన్నదాని విలువ ఎంతో లెక్క కట్టి చెప్పాను. ఒకరోజు ఈ విద్య తెలిసిన స్నేహితురాలు దాన్ని తిప్పి విరిగిన చోట చూసి, "దంతమైతే ఇక్కడ ఒకదాన్నొకటి ఖండించే గీతలు, అల్లిక చాపలా ఉండాలి కదా" అంది. గీతల్లేవు. అది డుగాంగ్ అనే సముద్రపు ఆవు పక్కటెముక. సముద్రపు ఆవు నీళ్లలో కిందికి దిగి ఉండటానికి దాని పక్కటెముకలు గుల్లగా కాకుండా గట్టిగా, నిండుగా ఉంటాయి. అందుకే అన్నీ అరిగిపోయినా అవి మిగులుతాయి. ఈ నదిలో అంతకన్నా మామూలు వస్తువు లేదు. అత్తగారికి ఆ సంగతి నేను ఇప్పటికీ చెప్పలేదు.

అందుకే ఈసారి ప్రతి సంచిలో ఒక చీటీ పెట్టించాను. దొరికిన తేదీ, చోటు, ఏ జల్లెడ, ఆఖర్న 'ఇది ఏమిటి' అనే గీత. చాలామంది పిల్లలు ఆ గీత మీద 'తెలియదు' అని రాశారు. మీరు దాన్ని కొట్టేసి పేర్లు రాయకండి, గూగుల్ చెప్పినా సరే. పేరు తర్వాత పెట్టొచ్చు, చోటు మర్చిపోతే మళ్లీ దొరకదు.

ఇప్పుడు డైనోసార్ సంగతి. ఫ్లోరిడాలో బయటికి కనిపించే రాళ్లలో డైనోసార్ల కాలం నాటివి లేవు, కాబట్టి మన సంచుల్లోనూ ఉండవు. పిల్లలు బాగా నిరుత్సాహపడ్డారు. వేసవిలో హైదరాబాద్ వెళ్లేవాళ్లు బిర్లా సైన్స్ మ్యూజియంలో కోటాసారస్ అస్థిపంజరం చూపించండి. ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లాలోని యామనపల్లి దగ్గర, ప్రాణహిత-గోదావరి లోయలో దొరికిన ఎముకలతో నిలబెట్టారు. దాని శాస్త్రీయ నామంలో ఆ ఊరి పేరు కూడా ఉంది. వెళ్లొచ్చిన పిల్లలు బడిలో రెండు నిమిషాలు మాట్లాడాలి, తెలుగులో.

అసలు మన ఇళ్లకి నది శిలాజాలు కొత్తేమీ కాదు. అమ్మమ్మల పూజామందిరంలో సాలగ్రామం ఉంటుంది చూడండి, నేపాల్‌లో గండకీ నదిలో దొరికే నల్లరాయి, లోపల చక్రం. అది అమ్మొనైట్ అనే జీవి గుల్ల ముద్ర. ఇప్పటి అక్టోపస్‌లకి దూరపు చుట్టం, జురాసిక్ కాలంలో సముద్రంలో తిరిగింది. ఆ సముద్రపు అడుగే ఇప్పుడు హిమాలయాల్లో పైకి లేచి ఉంది. ఇలా చెబితే భక్తికి భంగం కాదా అని ఒక తండ్రి ఇబ్బందిగా అడిగారు. నాకైతే అలా అనిపించలేదు. మా ఇంట్లో మా అమ్మ ఇచ్చిన సాలగ్రామానికి రోజూ నీళ్లు పోస్తాను. అది నిజంగా ఒకప్పుడు సముద్రంలో ఉన్నదని తెలిశాక ఇంకాస్త జాగ్రత్తగా పోస్తున్నాను.

రూల్ సంగతి శ్రద్ధగా చదవండి. ఫ్లోరిడాలో ప్రభుత్వ భూముల్లో, నదుల అడుగున దొరికే వెన్నెముక జంతువుల శిలాజాలు రాష్ట్రానివి. ఏరుకోవాలంటే గెయిన్స్‌విల్‌లోని ఫ్లోరిడా మ్యూజియం ఆఫ్ నేచురల్ హిస్టరీ దగ్గర పర్మిట్ తీసుకోవాలి. షార్క్ పళ్లకి మాత్రం అక్కర్లేదు. మనతో వచ్చిన వాలంటీర్లు పర్మిట్లు తీసుకున్నారు. ఆ పర్మిట్ కింద దొరికిన వాటి జాబితా మనం మ్యూజియానికి పంపాలి. 60 రోజుల్లో వాళ్లు ఫలానాది కావాలని అడగకపోతే అవి మనవే. కాబట్టి షార్క్ పళ్లు కానివన్నీ, ఆ 'బిస్కెట్'తో సహా, వచ్చే ఆదివారం బడికి తీసుకురండి. ఫొటో తీసి, రాసుకుని, తిరిగి ఇచ్చేస్తాం.

ఒక్క వస్తువు మాత్రం నదిలోనే వదిలేసి వచ్చాం. ఆరో తరగతి అమ్మాయి జల్లెడలో చెక్కిన రాతి బాణం మొన వచ్చింది. ఎంత అందంగా ఉందో చెప్పలేను. పాతకాలపు మనుషులు చేసిన వస్తువులు నది అడుగు నుంచి తీయడానికి మనలాంటివాళ్లకి ఏ పర్మిటూ లేదు. ఫొటో తీసి దొరికిన చోటే పెట్టించాను. కారులో ఇంటిదాకా ఏడుస్తూనే ఉంది. వాళ్ల అమ్మగారికి ఇంకోసారి సారీ చెబుతున్నాను, కానీ వచ్చేసారి కూడా అలాగే చేస్తాను.

శుభ్రం చేయడానికి మామూలు నీళ్లు, పాత టూత్‌బ్రష్ చాలు. వెనిగర్ వద్దు. వార్నిష్, నెయిల్ పాలిష్ అసలే వద్దు. ఎండలో పెడితే ఎముకలు పగులుతాయి, నీడలో ఆరబెట్టండి.

మళ్లీ ఎప్పుడు అని అందరూ అడుగుతున్నారు. జూన్ నుంచి వానలు, నది పొంగుతుంది, కంకర దాకా చెయ్యి అందదు. ఎలిగేటర్లు ఎటు ఉన్నాయో కూడా కనబడదు. డిసెంబర్ తర్వాత నీటిమట్టం చూసుకుని తేదీ చెబుతాను. పెద్దవాళ్లు కనీసం నలుగురు పిల్లలకొకరు చొప్పున రావాలి. ఈసారి ముగ్గురు నాన్నలు ఒడ్డున కుర్చీలు వేసుకుని క్రికెట్ చూశారు. పేర్లు రాయను.

వచ్చే ఆదివారం బడి అయ్యాక ఒక గంట గుర్తింపు బల్ల పెడుతున్నాం. భూతద్దం ఉన్నవాళ్లు తీసుకురండి. ఆరు జల్లెడల్లో నాలుగే తిరిగొచ్చాయి. మిగతా రెండూ ఎవరి కారు డిక్కీలో ఉన్నాయో ఒకసారి చూడండి, ఒకదానికి పసుపు రంగు ఫోమ్ కట్టి ఉంటుంది.

ఇట్లు,
మీ పిల్లల ప్రధానోపాధ్యాయురాలు