తోటల పండుగలో గేటు డబ్బు ఎవరిది?

సంపాదకులకు నమస్కారం.

ఊళ్లోని ఇంటి తోటలను ఒకటి రెండు రోజులు అందరికీ తెరిచి, ఆ చెట్ల మధ్యే చిత్రాలు, శిల్పాలు, మట్టి పాత్రలు ప్రదర్శనకు పెట్టి, వచ్చిన సొమ్మును సేవాకార్యానికి ఇచ్చే ఉత్సవాలు ఎన్ని జరిగితే అంత మంచిది. హాలు అద్దె ఉండదు, తోటలు ఎలాగూ ఉన్నాయి, చిన్న కళాకారులకు కూడా చోటు దొరుకుతుంది. అయినా జనం బాగా వచ్చిన చోట కూడా, లెక్క తేలేసరికి సేవకు పిడికెడే మిగలడం తరచూ జరుగుతుంది. టెంట్లు, మైకులు, ముద్రణ, అతిథుల భోజనాలు గేటు డబ్బును మింగేస్తాయి. అందుకే మా అభిప్రాయం గట్టిగా చెబుతున్నాం: టికెట్ల మీద వచ్చిన ప్రతి పైసా సేవకే వెళ్లాలి, ఖర్చులకు వేరే దారి చూసుకోవాలి. ఆ నిర్ణయం టికెట్ అచ్చుకు ఇవ్వకముందే జరగాలి, ఆ మాట టికెట్ మీదే ఉండాలి.

1927లో ఇంగ్లండ్, వేల్స్‌లలో నర్సుల సంస్థ పాలకమండలి సభ్యురాలు ఎల్సీ వాగ్ సూచన మేరకు, ఇళ్లకు వెళ్లి వైద్యసేవ చేసే నర్సుల కోసం సొంత తోటలను తెరిచినప్పుడు ప్రవేశ రుసుము మనిషికి ఒక షిల్లింగు, అంటే పౌండులో ఇరవయ్యో వంతు. ఆ తొలి ఏడాదే 609 తోటలు తెరుచుకున్నాయి, 8,000 పౌండ్లకు పైగా పోగయ్యాయి. ఎంత ఇస్తున్నామో, ఎవరి కోసం ఇస్తున్నామో వచ్చినవాళ్లకు ఒక్క ముక్కలో తెలిసే ఏర్పాటు అది. ఇప్పటికీ అంతకంటే మంచి పద్ధతి కనిపించదు.

మరి ఖర్చులు ఎక్కడి నుంచి? కళాకృతుల అమ్మకంపై కమీషన్, టీ, చిరుతిళ్ల దుకాణం, మొక్కల అమ్మకం, తోటల దారి చూపే మ్యాపు అచ్చుకు ప్రకటనదారులు. ఈ నాలుగూ కలిపి ఎంత వస్తుందో తక్కువలో తక్కువగా అంచనా వేసి, ఖర్చును ఆ గీత దాటనివ్వకూడదు. దాటేలా ఉంటే ముందు తీసేయాల్సింది వేదిక, మైకు. తోట చూడ్డానికి వచ్చినవాళ్లకు ఉపన్యాసం అక్కర్లేదు. మరుగుదొడ్లు, తాగునీరు, ప్రథమ చికిత్స, సందర్శకులకు ఏదైనా జరిగితే పరిహారం చెల్లించే బీమా, వీటిలో మాత్రం కోత పెట్టకూడదు.

తోటలు పది నుంచి పదిహేను ఉంటే చాలు. ఒక్కో తోటలో మనిషి పావుగంటకు తక్కువ కాకుండా గడుపుతాడు. నడక, టీ కలుపుకుంటే పన్నెండు తోటలకే నాలుగైదు గంటలు పడుతుంది. అన్నీ పెద్ద తోటలే కానక్కర్లేదు. ఒక కూరగాయల పెరడు, ఒక మిద్దె తోట, కుండీలతో నిండిన ఒక ఇరుకు సందు ఉంటేనే చూసేవాళ్లకు ‘మనమూ చేయొచ్చు’ అనిపిస్తుంది. యజమానుల ఒప్పుకోలు రాతపూర్వకంగా తీసుకోవాలి. ఎంత చేసినా చివరి వారాల్లో ఒకరో ఇద్దరో తప్పుకుంటారు, కాబట్టి మ్యాపును రెండు వారాల ముందు వరకూ ముద్రించకండి.

మ్యాపే టికెట్ కావాలి. తోటల నంబర్లు, మెట్లు ఉన్న చోట్లు, చక్రాల కుర్చీ వెళ్లే దారులు, మరుగుదొడ్లు అందులో ఉండాలి. ఇక్కడ అందరూ చేసే పొరపాటు ఒకటుంది. టికెట్ల బల్ల ఒకటే పెడితే మొదటి గంటలో జనమంతా ఒకటో నంబరు తోటలోనే ఇరుక్కుంటారు, చివరి తోటలు మధ్యాహ్నం దాకా ఖాళీగా ఉంటాయి. ఊరికి రెండు చివర్లా రెండు బల్లలు పెట్టి, ‘ఎక్కడి నుంచైనా మొదలుపెట్టవచ్చు’ అని మ్యాపు మీద పెద్ద అక్షరాల్లో వేస్తే ఆ రద్దీ చాలావరకు సర్దుకుంటుంది. వాహనాలకు పొలం ఇచ్చేవాళ్లు దొరికినా, వాన పడితే చక్రాలు దిగబడతాయి కనుక గట్టి నేల ఒకటి ప్రత్యామ్నాయంగా చూసి ఉంచుకోవాలి.

పూల లెక్క ఉత్సవం తేదీ నుంచి వెనక్కి వేసుకోవాలి. బంతి, జినియా విత్తనాలు ఎనిమిది నుంచి పది వారాల ముందు పడాలి. గులాబీ కత్తిరింపు ఆరు నుంచి ఎనిమిది వారాల ముందు. ఆ తర్వాత నత్రజని ఎరువు ఎక్కువైతే ఆకే వస్తుంది, పువ్వు రాదు. చివరి వారంలో మొక్కలు పీకి వేరే చోట నాటితే సరిగ్గా ఆ రోజుకే వాడిపోయి ఉంటాయి. పురుగుమందు కూడా ఆ వారం కొట్టకూడదు, పిల్లలు ఆకులు ముట్టుకుంటారు. నీళ్లు ముందురోజు సాయంత్రమే పెట్టాలి. ఉదయం పెడితే దారులు జారతాయి. అమ్మకానికి పెట్టే మొక్కల కొమ్మలను కనీసం ఆరు వారాల ముందు నాటితేనే కుండీలో వేరు పట్టి ఉంటాయి. వేరు లేని కొమ్మను మొక్కని చెప్పి అమ్మడం మోసమే.

చెరువు గట్టు, మూత లేని బావి, ముఖం ఎత్తున ఉన్న ముళ్ల కొమ్మ, గన్నేరు, ఉమ్మెత్త: ఇవన్నీ నెల ముందే తోటతోటకూ తిరిగి రాసుకోవాలి, తాడు కట్టాల్సిన చోట కట్టాలి. గేటు దగ్గర యజమానిని కూర్చోబెట్టకండి. సందర్శకులు మొక్కల గురించి అడిగేది ఆయన్నే, ఆమెనే. వాళ్లు తోట లోపల ఉండాలి. గేటుకు ఇద్దరేసి కార్యకర్తలు పూట చొప్పున మారాలి.

ఇక కళ. తోటను గ్యాలరీ అనుకుంటే పని చెడుతుంది. నీటిరంగుల చిత్రాలు, ముద్రణ చిత్రాలు వరండాలోనే ఉండాలి. తేమకు కాగితం ఉబ్బి అలలు తేలుతుంది, అద్దం బిగించి ఎండలో పెడితే లోపల ఆవిరి పడుతుంది. కాన్వాసును నీడలో బయట పెట్టవచ్చు, కానీ గాలికి అది తెరచాపలా పనిచేసి స్టాండుతో సహా పడిపోతుంది. కాళ్లకు ఇసుక సంచులు కట్టాలి, చిత్రాన్ని పైనా కిందా రెండు చోట్ల బిగించాలి. శిల్పాల దిమ్మెలు తడి నేలలో ఒక పక్కకు కుంగుతాయి కనుక కింద రాతిపలక వేయాలి. మట్టి పాత్రల బల్ల గోడవారగా ఉండాలి, బల్లగుడ్డ నేలదాకా వేలాడితే ఎవరి కాలో తగిలి అన్నీ జారిపడతాయి. ఏది పెట్టినా నడిచే దారి నాలుగు అడుగులకు తగ్గకూడదు. తోటకు ఇద్దరు ముగ్గురు కళాకారులకు మించొద్దు. వాళ్లు అక్కడే కూర్చుని పని చేస్తుంటే జనం ఆగి చూస్తారు, ఆగినవాళ్లే కొంటారు.

ప్రతి కృతికీ నంబరు, పేరు, మాధ్యమం, ధర రాసిన చీటీ ఉండాలి. రసీదు మూడు ప్రతులు: కొన్నవారికి, కళాకారుడికి, కమిటీకి. అమ్ముడైన దానికి ఎర్ర చుక్క. కమీషన్ ఇరవై, ఇరవై అయిదు శాతం న్యాయంగా ఉంటుంది. అంతకు మించితే మంచి కళాకారులు రారు, లేదా ధర పెంచి చెబుతారు. పాడైతే, పోతే నష్టం ఎవరిదో ముందే రాసుకోవాలి. ‘సేవ కోసమే కదా’ అని కళాకారుల వాటా నెలల తరబడి ఆపడం తగదు, రెండు వారాల్లో చెల్లించాలి.

గేటు డబ్బుకు క్రమసంఖ్య ఉన్న టికెట్ పుస్తకాలే కాపలా. మొదటి నంబరు, చివరి నంబరు రాసుకుంటే ఎన్ని అమ్ముడయ్యాయో, ఎంత డబ్బు ఉండాలో వెంటనే తెలుస్తుంది. చిల్లర కోసం ఇచ్చిన మొత్తాన్ని విడిగా కవరులో రాసి పెట్టాలి, లేదంటే సాయంత్రం లెక్క కలవదు. ఉచిత టికెట్లకు వేరే రంగు వాడి, వాటినీ లెక్కించాలి. రెండు గంటలకోసారి ఇద్దరు కలిసి డబ్బు తీసుకెళ్లాలి. ఫోన్ చెల్లింపుల క్యూఆర్ కోడ్ ఉత్సవం కోసం తెరిచిన ఉమ్మడి ఖాతాది కావాలి, ఏ కార్యకర్త సొంత ఖాతాదీ కాకూడదు. ఆ ఖాతాలోంచి తీయాలంటే రెండు సంతకాలు ఉండాలి. నెల లోపు వసూళ్లు, ఖర్చులు, సేవాసంస్థ ఇచ్చిన రసీదు ఒకే కాగితం మీద వేసి, తోటల యజమానులందరికీ ఇచ్చి, ఊళ్లో నలుగురూ చూసే చోట అంటించాలి.

పత్రికలకూ ఒక విన్నపం. ఇలాంటి ఉత్సవం గురించి వార్త వేసేటప్పుడు తేదీ, వేళలతో పాటు డబ్బు ఏ సంస్థకు వెళ్తుందో, టికెట్ సొమ్ములో ఎంత భాగం వెళ్తుందో నిర్వాహకులను అడిగి అదే వార్తలో వేయండి. చెప్పలేకపోతే, చెప్పలేదనే రాయండి.

భవదీయులు,
తోటల ఉత్సవాల నిర్వహణలో పనిచేస్తున్న కొందరు పాఠకులు